గొలుసు ప్రార్థనలో నా వంతు

అన్నం కలుపుకోవడం నేర్పిన వయసులోనే మా అమ్మ మాకు ప్రార్థన చేయడం కూడా నేర్పింది. అందులో ఆమెకు ఒక పట్టుదల ఉండేది. "అందరినీ చల్లగా చూడు ప్రభువా" అని మేము గబగబా ముగించి కళ్ళు తెరిస్తే ఒప్పుకునేది కాదు.

"అందరూ అంటే ఎవరే? డాక్టరు దగ్గరికి పోయి ఒళ్ళంతా నొప్పి అని ఊరుకుంటావా? ఎక్కడో చూపించవూ?" అనేది.

ఎవరికి ఏ కష్టమో, ఏ ఇంట్లోనో, ఆ ఇంట్లో ఏ మూల మంచం వేసుకుని పడుకున్నారో, అన్నీ విడమరిచి దేవునికి చెప్పాలి. అలా అడిగితేనే, జవాబు వచ్చిన రోజున అది జవాబని గుర్తుపట్టగలం అని ఆమె నమ్మకం. ఆ విద్య నాకు బాగా అబ్బింది. పద్దెనిమిదో ఏటికే మా సంఘంలో ఆడవాళ్ళు, "ఆ పిల్ల ప్రార్థన చేస్తే కళ్ళకు కట్టినట్టుంటుంది" అని చెప్పుకునేవాళ్ళు. ఆ మాట విన్నప్పుడు పైకి తల వంచుకునేదాన్ని. లోపల పొంగిపోయేదాన్ని. ఈ సంగతి ముందే ఒప్పుకోవడం మంచిది.

మాది గుంటూరు వైపు. నాన్నగారికి రైల్వే ఆఫీసులో గుమాస్తా పని దొరికి, మెట్టుగూడలో కాపురం పెట్టారు. ఆయన సంఘ పెద్దల్లో ఒకరు. అమ్మ బైబిలు స్త్రీగా పనిచేసేది. అంటే రోజూ నాలుగిళ్ళకు వెళ్ళి చదువు రాని ఆడవాళ్ళకు వాక్యం చదివి వినిపించడం, జబ్బు పడినవాళ్ళ దగ్గర కూర్చోవడం, పురుళ్ళకు సాయం పోవడం. నేను అప్పుడే మిషను బడిలో చిన్న తరగతులకు పాఠాలు చెప్పడం మొదలుపెట్టాను.

మా ఇంటినీ పక్కింటినీ కలిపి ఒకే పెంకుల కప్పు. పక్కింట్లో బైండింగ్ పని చేసే సాయిబు ఉండేవారు. ఆయనకు రెజిమెంటల్ బజార్‌లో చిన్న కొట్టు ఉంది. మా సంఘంలో చిరిగిన బైబిళ్ళు, ఊడిన కీర్తనల పుస్తకాలు అన్నీ ఆయన చేతికే పోయేవి. మైదా జిగురులో మైలుతుత్తం కలిపి అట్టలు అంటించేవారు. పురుగు పట్టదట. ఆదివారం గుడిలో పుస్తకం తెరిస్తే ఆ వాసన వచ్చేది. అమ్మ ఆయన్ని అన్నా అని పిలిచేది. ఆయన అమ్మను చెల్లె అనేవారు. భార్య పోయిన మనిషి. ఒక్కతే కూతురు. నా ఈడుదే. పెళ్ళై జిల్లాలో ఒక చిన్న ఊరికి వెళ్ళింది. అక్కడ ఆమె భర్తకు బట్టలకు రంగులు వేసే పని.

నలభై ఎనిమిదిలో వేసవి నుంచే ఊళ్ళో ఏదో ముంచుకొస్తున్నట్టు ఉండేది. రజాకార్లు సైకిళ్ళ మీద బారులు తీరి పోతుంటే మేము తలుపులు వేసుకునేవాళ్ళం. గుంటూరు నుంచి మా మామయ్య వారానికో ఉత్తరం రాసేవాడు, వచ్చెయ్యండి వచ్చెయ్యండి అని. సంఘంలో సగం కుటుంబాలు బెజవాడ రైలెక్కేశాయి. నాన్నగారు కదల్లేదు. ఒక రోజు యూనిఫారం వేసుకున్న మనుషులు ఏడెనిమిది మంది మా వీధిలోకి వచ్చి ఇల్లిల్లూ తట్టడం మొదలుపెట్టారు. సాయిబు తన జిగురు గిన్నె, సూదీ దారం, కోసే కత్తీ తెచ్చుకుని మా అరుగు మీద కూర్చున్నారు. మా కీర్తనల పుస్తకాలనే ముందు పోసుకుని కుడుతున్నారు.

"ఇదెవరి ఇల్లు?" అని వాళ్ళు అడిగితే, "కండ్లు కనిపిస్తలేవా? నేను కూసున్న కదా," అన్నారు తల ఎత్తకుండా.

వాళ్ళు పక్క గుమ్మానికి వెళ్ళిపోయారు. సాయంత్రం దాకా ఆయన అరుగు దిగలేదు. అమ్మ లోపలి నుంచి మజ్జిగ పంపిస్తే, "చెల్లె, నీ మజ్జిగల ఉప్పు ఎక్కువైంది. బుగులు పడ్డట్టున్నవ్," అని అమ్మ భయాన్ని కనిపెట్టి నవ్వారు.

తర్వాత సెప్టెంబరు వచ్చింది. పోలీసు చర్య అయిదు రోజుల్లో ముగిసిందని రేడియో చెప్పింది. భయం ఇల్లు మారింది, అంతే. ఇప్పుడు తలుపులు వేసుకునేది పక్కింటివాళ్ళు. సైకిళ్ళ మీద తిరిగినవాళ్ళంతా ఏమైపోయారో తెలీదు. జిల్లాల నుంచి రోజూ మనుషులు మూటలతో స్టేషనులో దిగేవాళ్ళు. వాళ్ళు చెప్పే సంగతులు అమ్మ విని వచ్చి, భోజనానికి కూర్చునేది కాదు.

అక్టోబరు మొదట్లో, వాన పడుతున్న ఒక మధ్యాహ్నం, సాయిబు కూతురు ఏడో నెల కడుపుతో వచ్చి దిగింది. వెంట ఆమె భర్త. మూడు రోజులు నడిచీ బండెక్కీ వచ్చారు. అతనికి పాతికేళ్ళు ఉంటాయి. గడ్డం గీసేసుకున్నాడు. చేతుల గోళ్ళ చుట్టూ నీలిరంగు ఇంకా వదల్లేదు. ఆ రోజే సాయిబు మా వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డారు. లోపలికి రమ్మంటే రాలేదు.

"చెల్లె, మా ఇంటిని ముందుగాల చూస్తరు. మీ ఇంటిని చూడరు," అన్నారు. ఇంకేమీ అడగలేదు.

అమ్మ అతన్నే అడిగింది. "నాయనా, నువ్వు ఏం చేశావు? నాకు నిజం చెప్పు."

అతను కొంతసేపు చేతులు చూసుకున్నాడు. "రెండు నెలలు రజాకార్ల డ్రెస్సు ఏసుకున్నమ్మా. మా గల్లీల అందరు ఏసుకున్నరని. ఎవ్వర్ని కొట్టలే. కానీ కొడుతుంటే నిలబడి చూసిన."

అమ్మ కళ్ళు మూసుకుంది. "అది కూడా దేవునికి చెప్పుకో," అంది. తర్వాత వెనక గది తలుపు తీసింది. బియ్యం డబ్బాలు, పిడకలు పెట్టుకునే గది అది.

నాన్నగారు ఆఫీసు నుంచి వచ్చాక ఇద్దరికీ వాదన జరిగింది. ఆయన తిరగబడే మనిషి కాదు. అధికారులకు లోబడాలన్న వాక్యం ఆయనకు వేదం. "చట్టం ముందు నిలబడాల్సినవాణ్ణి మనం దాచొచ్చునా?" అన్నారు. అమ్మ, బైబిల్లో గూఢచారులను మిద్దె మీద జనుపకట్టెల కింద దాచిన స్త్రీ సంగతి ఎత్తింది. "ఆమె పేరు విశ్వాసుల వరుసలో రాయలేదా?" అంది. నాన్నగారు, "ఆవిడ వేశ్యే," అన్నారు. "అయితే నాకంటే ఆవిడే నయమన్నమాట," అంది అమ్మ. నాన్నగారికి నవ్వొచ్చింది, ఆపుకోలేకపోయారు. చివరికి ఇద్దరూ ఒక మాట మీదికి వచ్చారు. కాన్పు అయ్యేదాకా అతను ఇక్కడే ఉంటాడు. ఈలోగా జిల్లాలో గొడవలు చల్లారతాయి. బిడ్డ ముఖం చూశాక, నాన్నగారూ మా పాస్టరు అయ్యగారూ తోడు వెళ్ళి, పట్నంలోనే, వకీలు సమక్షంలో అతన్ని అప్పగిస్తారు. ఇప్పుడే పట్టుబడితే తిరిగి ఆ జిల్లాకే పంపుతారు. అక్కడ ఏం జరుగుతోందో అందరం వింటూనే ఉన్నాం. అతనూ దీనికి ఒప్పుకున్నాడు. "రెండు నెలలు ఆగితే సాలు," అన్నాడు.

అలా మూడు వారాలు గడిచాయి. పొద్దంతా ఊరికే కూర్చోలేక మామగారి పని అడిగి తెప్పించుకుని కీర్తనల పుస్తకాలు కుట్టేవాడు. రంగు పనివాడికి సూది లొంగుతుందా? వంకరగా కుట్టేవాడు. అతని భార్య వెనక దొడ్డి దారిన వచ్చి గుమ్మంలో కూర్చుని వెక్కిరించేది.

"గిది బుక్కా, బొంతా? మా అబ్బా చూస్తే తన్నుతడు."

"బొంతే. రేపు నీ బిడ్డకు కప్పుతా."

ఆమె నన్ను కూడా వదిలేది కాదు. "ఏందే పిల్లా, మీరు దేవునికి గంతసేపు చెప్తరు? మొత్తం తెలిసినోడే కదా. మళ్ళ చెప్పుడెందుకు?" అనేది. నేను పెద్ద పండితురాలిలా, తండ్రికి తెలిసినా బిడ్డ నోటితో అడగాలని వివరించేదాన్ని. "ఔ మల్ల, నీకు నోరున్నది," అనేది.

బుధవారం సాయంత్రాలు మా సంఘంలో గృహ ప్రార్థన ఉండేది. వారానికొక ఇంట్లో. ఊళ్ళో మిగిలిన కుటుంబాలే తక్కువ కాబట్టి వంతు తొందరగా తిరిగి వచ్చేది. అక్టోబరు చివరి వారం మా వంతు. వద్దంటే ఎందుకని అడుగుతారు. జబ్బు అంటే చూడ్డానికి వస్తారు. జరిపించడమే మంచిదని నాన్నగారు నిర్ణయించారు. వెనక గది తలుపు బయట గొళ్ళెం పెట్టి, దాని ముందు చాప చుట్టలు నిలబెట్టాం. అతన్ని దగ్గు వస్తే నోట్లో గుడ్డ పెట్టుకోమన్నాం.

పన్నెండు మంది వచ్చారు. అందరూ మాకు కావలసినవాళ్ళే. పాట పాడాం. నాన్నగారు వాక్యం చదివారు. తర్వాత గొలుసు ప్రార్థన. ఎరగనివాళ్ళ కోసం చెబుతున్నాను. అందరూ మోకాళ్ళూని కళ్ళు మూసుకుంటారు. మొదట ఒకరు గొంతెత్తి ప్రార్థిస్తారు. వారు ఆమేన్ అనగానే పక్కవారు అందుకుంటారు. అలా గది చుట్టూ తిరిగి వస్తుంది. మధ్యలో తెగకూడదు.

నా ముందు ఒక ముసలి విధవరాలు ప్రార్థించింది. ఆమెకు మాటలు ఎక్కువ రావు. "దిక్కులేనివాళ్ళకు నువ్వే దిక్కు తండ్రీ," అని వణుకుతూ అంది. ఆ వణుకు నన్ను పట్టుకుంది. నా వంతు వచ్చింది. జబ్బున పడినవాళ్ళ కోసం అడిగాను. రైలు పట్టాల దగ్గర కాలు పోయిన ఒకాయన కోసం అడిగాను. ఊరు విడిచి వెళ్ళినవాళ్ళ కోసం అడిగాను. గదిలో అందరూ అవునవునని మూలుగుతున్నారు. నా గొంతు నాకే తీయగా ఉంది. కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. నేను దేవునితో తప్ప ఇంకెవరితోనూ మాట్లాడడం లేదని ఆ క్షణాన నిజంగా నమ్మాను.

"ఈ ఇంటి వెనక గదిలో బియ్యం డబ్బాల పక్కన తలదాచుకున్న ఆ అన్నను కాపాడు ప్రభువా. అతన్ని వెతికేవారి కళ్ళకు మరుగు చెయ్యి. గోడ అవతల నెలలు నిండుతున్న అతని భార్యను జ్ఞాపకం చేసుకో."

మూలుగులు ఆగిపోయాయి.

నేను ఆమేన్ అన్నాను. నా పక్కన ఉన్నావిడ అందుకోలేదు. వాన చూరు నుంచి కారుతున్న చప్పుడు వినిపించింది. ఇంకా అయిదుగురు ప్రార్థించాలి. నాన్నగారు ఒక్కసారిగా పరలోక ప్రార్థన ఎత్తుకున్నారు. అందరూ తడబడుతూ కలిశారు. గొలుసు అక్కడ తెగిపోయింది.

టీ తాగారు. వాన తగ్గేలా లేదన్నారు. వెళ్ళేటప్పుడు ఆడవాళ్ళు అమ్మ చేతులు మామూలుకంటే గట్టిగా పట్టుకున్నారు. అందరూ పోయాక నాన్నగారు గోడకు ఆనుకుని కూర్చుండిపోయారు. నన్ను తిట్టలేదు. అమ్మ చాప చుట్టలు తీసి, గొళ్ళెం తీసి, అతనికి అన్నం పెట్టింది. అతను నా వైపు చూసి, "మంచిగ అడిగినవ్ చెల్లె," అన్నాడు. ఎగతాళి కాదు. నిజంగానే అన్నాడు.

నాన్నగారు మరునాడు యాప్రాల్ వెళ్ళి వచ్చారు. అప్పుడు అక్కడ చేలూ, నాలుగు ఇళ్ళూ తప్ప ఏమీ లేవు. పాల వ్యాపారం చేసే ఒక విశ్వాసి అతన్ని తన దగ్గర ఉంచుకోవడానికి ఒప్పుకున్నాడు. శనివారం తెల్లవారుజామున పాల బండిలో పంపుదామని అనుకున్నాం.

శుక్రవారం పొద్దున, బుధవారం వచ్చినవాళ్ళలో ఒకావిడ గిన్నె పట్టుకుని వచ్చింది. రైల్వే గార్డుగారి భార్య. సంఘంలో ఎవరికి ఆపద వచ్చినా మొదట వచ్చేది ఆవిడే. గిన్నెలో ఉడికించిన గుడ్లు ఉన్నాయి.

"మీ వెనక గదిలో అన్నకు తెచ్చానండీ," అంది మెల్లగా. "నిన్న మేమంతా ఉపవాసముండి ప్రార్థించాం. లోకో లైను క్వార్టర్ల వాళ్ళకు కూడా చెప్పాను. వాళ్ళు అవతలి వీధి వాళ్ళకు చెప్పారట. ఇప్పుడు అన్ని ఇళ్ళలోనూ ఆయన కోసం ప్రార్థన జరుగుతోంది. మీరు ధైర్యంగా ఉండండి వదినగారూ."

అమ్మ గిన్నె అందుకుంది. మూత జారి కింద పడింది. మాలో ప్రార్థన విన్నపం అంటే చాడీ కాదు. ఒకరి భారం ఇంకొకరికి అందించడం. చెప్పకపోతేనే తప్పు. ఆవిడ నేను ఉంచిన చోటి నుంచే ఆ గొలుసును అందుకుంది. రెండు రోజుల్లో ఎన్ని ఇళ్ళు తిరిగిందో, ఏ ఇంట్లో ఏ తమ్ముడు, ఏ బావ, ఏ పనిమనిషి విన్నారో ఈనాటికీ నాకు తెలీదు. ఎవరో ఒకరు ద్రోహం చేశారని కూడా నేను అనుకోను.

యాప్రాల్‌కు కబురు పంపి బండి ఈ రోజే తెప్పించమని అమ్మ నన్ను నాన్నగారి ఆఫీసుకు తరిమింది. నేను వెళ్ళి, చెప్పి, తిరిగి వచ్చేసరికి మా గుమ్మం ముందు ముగ్గురు మనుషులు నిలబడి ఉన్నారు. ఇద్దరు పోలీసులు, వెనక ఒక మిలిటరీ ఆయన. అమ్మ గడప మీద ఉంది.

"అమ్మా, మీ ఇంట్లో బయటి మనిషి ఎవరన్నా ఉన్నాడా?" అని పోలీసు తెలుగులోనే అడిగాడు. మర్యాదగానే అడిగాడు.

మిద్దె మీద మనుషులను దాచిన స్త్రీ అబద్ధం చెప్పింది. ఆ కథ అమ్మకు కంఠతా వచ్చు. వందల ఇళ్ళలో చెప్పింది. కానీ తన నాలుక కదల్లేదు. బతుకంతా అబద్ధం ఆడనిదానికి అదెలా మొదలుపెట్టాలో తెలియలేదు. అతను రెండోసారి అడిగాడు. అమ్మ పెదవులు కదిలాయి గాని మాట రాలేదు.

వెనక గది తలుపు చప్పుడైంది. అతనే వచ్చాడు. చొక్కా చేతికి సూది గుచ్చి ఉంది, దారం వేలాడుతోంది. "నేనే," అన్నాడు. "ఈమెకు నేనెవర్నో తెల్వది సాబ్. పని కోసం వచ్చిన అని చెప్పిన."

అప్పుడు అమ్మకు మాట వచ్చింది. "తెలుసు బాబూ. పక్కింటి అల్లుడు. నేనే ఉండమన్నాను."

పోలీసు ఆమె వంక కాసేపు చూశాడు. "మీరు లోపలికి పొండమ్మా," అన్నాడు. అంతకు మించి ఆమెను ఏమీ అనలేదు.

పక్కింటి తలుపు తెరుచుకుంది. నా స్నేహితురాలు తలమీద కొంగైనా లేకుండా వానలోకి వచ్చేసింది. అతను ఆమెను చూసి, "లోపలికి పో. తడుస్తవ్," అన్నాడు. అంతే అన్నాడు. అతన్ని ఎక్కించుకున్న లారీ వీధి మలుపు తిరిగేదాకా ఆమె వానలోనే ఉంది. అమ్మా నేనూ చెరొక చేయి పట్టుకుని లోపలికి తెచ్చాం.

మరునాడు నేను ఆమె ముందు కూర్చుని చెప్పేశాను. నా వల్లే అయిందని, నా నోటి వల్ల అయిందని. ఆమె పొయ్యిలో పుల్ల సర్దుతూ విన్నది.

"నాకు ఎరుకే," అంది. "గోడకు పక్కనే పండుకున్న ఆ రోజు. నువ్వు ఆయన గురించి అడుగుతుంటే లేచి కూసున్న. మీవోళ్ళు ఒక్కరు ఆమేన్ అనలే. నేనే అన్న."

ఆమె పుల్లను ఇంకాస్త లోపలికి తోసింది.

"నాకు సుత మంచిగనే అనిపించిందే. గప్పుడు పరేషాన్ గాలే. ఎవరో ఒకరు ఆయన కోసం ఏడుస్తున్నరు అనుకున్న," అంది. తర్వాత నా వైపు తిరిగి, "మా అబ్బాకు చెప్పకు. ఆయనకు మీరు తప్ప ఎవరున్నరు," అంది.

నేను చెప్పలేదు. ఆ మాట నిలబెట్టుకోవడం నాకు విధించిన శిక్షల్లోకెల్లా పెద్దది.

అతన్ని మూడు వారాలు పట్నం జైల్లోనే ఉంచారు. అమ్మ వారానికి రెండుసార్లు అన్నం తీసుకువెళ్ళేది. గేటు దగ్గర గిన్నె తీసుకునేవాళ్ళు, మనిషిని చూడనిచ్చేవాళ్ళు కాదు. నాన్నగారు సెలవు పెట్టి వకీళ్ళ చుట్టూ తిరిగారు. నవంబరులో అతన్ని జిల్లాకు పంపేశారు.

నేను దేవుణ్ణి నమ్మడం మానలేదు. మానడం నాకు చేతకాదు. బైబిల్లో, చెరసాలలో ఉన్న అపొస్తలుని కోసం సంఘం ప్రార్థిస్తుంటే దేవదూత వచ్చి సంకెళ్ళు విప్పాడు. అతను వచ్చి తలుపు తడితే లోపల ప్రార్థించేవాళ్ళే నమ్మలేకపోయారు. ఆ భాగాన్ని రోజూ చదివేదాన్ని. నేనైతే నమ్ముతాను, మొదటి చప్పుడుకే తలుపు తీస్తాను అని దేవునికి మాట ఇచ్చాను. తలుపు కొట్టినప్పుడల్లా లేచేదాన్ని. పాలవాడు. పోస్టుమాన్. ఎవరో సుస్తీగా ఉన్నవాళ్ళ కోసం అమ్మను పిలవడానికి వచ్చినవాళ్ళు.

డిసెంబరులో ఆడపిల్ల పుట్టింది. పురుడు అమ్మే పోసింది. జైలు నుంచి ఒక కార్డు వచ్చింది. బిడ్డ ఎవరి పోలిక అని అడిగాడట. సాయిబు జవాబు రాశారు. మళ్ళీ కార్డు రాలేదు.

ఎండాకాలం వచ్చింది. సంఘం పుస్తకాలు కుట్టడం అయిందని కబురొస్తే ఒక సాయంత్రం రెజిమెంటల్ బజార్ కొట్టుకు వెళ్ళాను. సాయిబు పుస్తకాలు పేర్చి పురికొసతో కడుతున్నారు. అప్పుడే ఎవరో వచ్చి కార్డు ఇచ్చారు. ఉర్దూలో ఉంది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివారు. మళ్ళీ చదివారు. కళ్ళజోడు తీసి డబ్బాలో పెట్టారు. సగంలో వదిలేసిన ముడి పూర్తి చేశారు.

"బిడ్డా, ఇవి తీస్కపో. జిగురు ఇంక ఆరలే. ఎండల పెట్టకు," అన్నారు.

తర్వాత, "బేదులు పట్టుకున్నయట. ఆడనే మట్టి చేసిన్రట. పది రోజులైంది," అన్నారు.

ఆయన కొట్టు తలుపుల పలకలు ఒక్కొక్కటే వేయడం మొదలుపెట్టారు. నాలుగో పలక సరిగ్గా గాడిలో పడలేదు. నేను సాయం పట్టాను. ఆయన నా తల మీద చేయి పెట్టి, "మీవోళ్ళు శానా చేసిన్రు," అన్నారు. ఆ మాట విన్నాక నేను ఆ పుస్తకాల మూట మోసుకుని మెట్టుగూడ దాకా ఎలా నడిచానో నాకు గుర్తులేదు.

గార్డుగారి భార్య వచ్చి అమ్మ ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చింది. కబురు తన నోటి నుంచే పాకిందని ఆవిడకు ఎలాగో అర్థమైంది. అమ్మ ఆవిడ వీపు నిమురుతూ, "నువ్వు ప్రేమతోనే చేశావమ్మా," అంది. ఆవిడ వెళ్ళాక నేను అడిగాను, నన్ను ఎందుకు ఒక్క మాటా అనలేదని. అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది.

"ఏమనను? నేర్పింది నేనే కదే," అంది. ఒక రాయి ఏరి పారేసి, "ఆయన విన్నాడు. వినలేదని మాత్రం అనకు," అంది. ఆమె అది నాకు చెప్పిందో, తనకు చెప్పుకుందో తెలియలేదు.

వాళ్ళ ఆచారం ప్రకారం భర్త పోయిన స్త్రీ నాలుగు నెలల పది రోజులు గడప దాటకూడదు. కార్డు వచ్చేసరికే ఆ పది రోజులు గడిచిపోయాయి. మిగిలిన నాలుగు నెలలూ నేను వాళ్ళింటికి నీళ్ళు మోశాను. వీధి చివర కొళాయి. పొద్దున బడికి పోయేముందు నాలుగు బిందెలు, సాయంత్రం రెండు. బోళ్ళు తోమేదాన్ని. పిల్లకు పాతగుడ్డలు ఉతికి ఆరేసేదాన్ని. మొదటి రోజుల్లో ఒకసారి ఆమె గోడకు ఆనుకుని కూర్చుని, "ఏదన్న అడుగవే దేవున్ని. నాకు ఏం అడగాల్నో తెలుస్తలేదు," అంది.

నేను కళ్ళు మూసుకున్నాను. ఎవరి కోసం, ఎక్కడ, ఏ కష్టమో అన్నీ నాకు తెలుసు. మోకాళ్ళ మీద కూర్చున్నాను కూడా. గొంతు రాలేదు. ఆమె కాసేపు ఎదురు చూసింది. పిల్ల ఏడిస్తే లేచి వెళ్ళింది. నేను దొడ్లోకి వెళ్ళి పొద్దుటి బోళ్ళు ముందేసుకున్నాను. ఆ రోజు నుంచి నలుగురిలో నేను గొంతెత్తి ప్రార్థన చేయలేదు. నా వంతు వస్తే పక్కవారి మోచేతిని తాకేదాన్ని, వాళ్ళు అందుకునేవాళ్ళు. మొదట్లో పాస్టరు అయ్యగారు ఎందుకని అడిగారు. తర్వాత అందరికీ అలవాటైపోయింది.

సెప్టెంబరులో ఆమె గడువు తీరింది. మరునాడు నేను బిందె తీసుకుని వెళ్తే ఆమె అప్పటికే తెల్లచీరలో కొళాయి దగ్గర వరుసలో నిలబడి ఉంది. చంకలో పిల్ల, చేతిలో బిందె. ఆడవాళ్ళు పక్కకు జరిగి ముందుకు రమ్మన్నా రాలేదు. తన వంతు కోసం నిలబడింది. నేను వెనక చేరి బిందె అందుకోబోతే ఇవ్వలేదు.

"పిల్లను పట్టుకో," అంది. "నీళ్ళు నేనే పట్టుకుంటా."